బురుజుల దేశములో ఆశ్రయము

రేడియోలో ఈ వర్తమానము అందించినప్పుడు సమయము చాలక విడిచిపెట్టిన కొన్ని సంగతులను చేర్చి ఇక్కడ మీ ముందుంచుతున్నాను. కొంచెము ఓపికతో చదవండి. చాలా దూరము వెళ్ళి తిరిగి రావలసి ఉన్నది.

ఒక సహోదరుడు మన కార్యక్రమమునకు ఉత్తరము వ్రాశాడు. ఊరు, పేరు చెప్పను. అన్నదమ్ములిద్దరు. తండ్రి ఇచ్చిన ఒకే స్థలములో రెండు ఇండ్లు, మధ్యలో గోడ. ఆ గోడ లేచి పదకొండు సంవత్సరములైనది. పొలము గట్టు దగ్గర మొదలైన తగవు. ఇద్దరు ఒకే మందిరమునకు వెళ్తారు. ఒకరు ముందు వరుసలో కూర్చుంటే ఒకరు తలుపు దగ్గర కూర్చుంటారు. ఇద్దరు ప్రభువు బల్లలో పాలుపొందుతారు. మాటలు మాత్రము లేవు. ఇప్పుడు అన్నగారి కూతురికి పెండ్లి కుదిరినది. ఉత్తరము చివర ఒకే ప్రశ్న: తప్పు ఆయనది కదా, నేనే ముందు ఎందుకు వెళ్ళాలి?

మత్తయి 5వ అధ్యాయము తెరచి జవాబు చెప్పవచ్చును. కాని ఆ సహోదరునికి ఆ అధ్యాయము బాగుగా తెలుసు, ఉత్తరములో ఆయనే దాని మాట ఎత్తాడు. తెలిసినవానికి మరల అదే చెప్పుటకంటె ఆయనకొక దేశమును చూపిద్దామని నాకు తోచినది.

మీ బైబిలు చివర పౌలు ప్రయాణముల పటము ఉంటే తెరవండి. గ్రీసు దేశములో కొరింథు ఎక్కడున్నదో చూడండి. అక్కడ భూమి సన్నని మెడవలె ఉన్నది. ఆ మెడకు క్రింద సముద్రములోనికి చాచిన చేయివంటి పెద్ద భూభాగము కనబడుతుంది. దాని పేరు పెలొపొనీస్. ఆ చేతికి దక్షిణమున మూడు వ్రేళ్ళు వ్రేలాడుచున్నవి. నడిమి వ్రేలు మానీ ద్వీపకల్పము. బైబిలులో దాని పేరు లేదు. పౌలు ప్రయాణపు గీత కొరింథు దగ్గర ఆగి, కెంక్రేయ రేవులో ఓడ ఎక్కి, తూర్పునకు వెళ్ళిపోతుంది.

మానీకి వెన్నెముక టైగెటస్ పర్వతము. దాని శిఖరము 2,400 మీటర్లకు పైగా ఎత్తు. ఆ శిఖరమును అక్కడివారు ప్రవక్తయైన ఏలీయా పేరుతో పిలుస్తారు. గ్రీసులో ఎత్తైన కొండ కొనలకు ఏలీయా పేరు పెట్టుట చాలాచోట్ల కనబడుతుంది. ఆ పర్వతము దక్షిణమునకు దిగుతూ దిగుతూ తైనరాన్ అగ్రము దగ్గర సముద్రములో కలిసిపోతుంది. గ్రీసు ప్రధాన భూభాగమునకు అదే దక్షిణపు చివర. పడమట మెస్సేనియా అఖాతము, తూర్పున లకోనియా అఖాతము, మధ్యలో ఈ రాయి. రాయి అని ఊరకనే అనలేదు. అక్కడి నేల సున్నపురాయి. వర్షము పడితే నీరు పైన నిలువదు, సందులలోనుండి లోపలికి జారిపోతుంది. దీరోస్ అను చోట ఆ నీరు కొండ కడుపులో గుహలను తొలిచి, పడవ మీద వెళ్ళగలిగిన యేరుగా నిలిచియున్నది. అంత నీరు క్రింద ఉండగా పైన మనుష్యులు వాన చినుకులను తొట్లలో పట్టి సంవత్సరమంతా కాచుకొన్నారు. రాళ్ళను ఏరి గోడలుగా పేర్చి, ఆ గోడల మధ్య మిగిలిన పిడికెడు మట్టిలో విత్తనము వేశారు. ఒలీవ చెట్టు మాత్రము అక్కడ బ్రతికినది. లూపిన్ అను చేదు గింజలను రోజుల తరబడి నీటిలో నానబెట్టి, చేదు పోగొట్టి తినేవారు. శరత్కాలములో ఆఫ్రికా వైపు ఎగిరిపోవు పూరేళ్ళు ఈ కొనలో దిగుతాయి. వాటిని వలలతో పట్టి ఉప్పువేసి అమ్మేవారు. అక్కడి ఒక రేవునకు పూరేళ్ళ రేవనియే పేరు. అరణ్యములో ఇశ్రాయేలీయులకు దొరికిన పూరేళ్ళు మీకు జ్ఞాపకము వచ్చి ఉంటాయి.

అటువంటి నేల మీద పుట్టిన మనుష్యులు ఎట్లుంటారు? ఎవరికీ లోబడరు. రోమా చక్రవర్తి ఔగుస్తు కాలములో ఈ తీరపు పట్టణములు స్వతంత్ర లకోనియ పట్టణములుగా గుర్తింపు పొందినవి. తరువాతి కాలములో తురుష్కులు కూడ మానీని పూర్తిగా ఏలలేక, 1776 నుండి అక్కడి పెద్దలలోనే ఒకనిని బే అను బిరుదుతో నియమించి సరిపెట్టుకొన్నారు. 1821 మార్చిలో గ్రీసు స్వాతంత్ర్య యుద్ధము మొదలైనప్పుడు, ఇప్పుడు అరెయోపొలి అని పిలువబడు ఊరిలో మానీవారు ముందుగా ఆయుధములు పట్టారు. 1826లో ఐగుప్తు సైన్యము దీరోస్ తీరమున దిగితే, పురుషులు వేరొకచోట పోరాడుచుండగా, కోత కోయుచున్న స్త్రీలు కొడవళ్ళతోనే వారిని ఎదిరించారు. ఈ సంగతులను అక్కడివారు గర్వముగా చెప్పుకొంటారు. చెప్పుకొనదగినవే.

ఇంకొక సంగతి ఉన్నది. దానిని గర్వముగా చెప్పుకొనుట కష్టము.

పౌలు కొరింథులో సంవత్సరము ఆరు నెలలు ఉండి బోధించాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుతాము. అది సుమారు క్రీ.శ. 50, 51 సంవత్సరముల మాట. కొరింథు నుండి మానీ దారి వెంబడి సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఆ రెండు వందల కిలోమీటర్లు దాటుటకు సువార్తకు ఎంత కాలము పట్టినదో ఊహించండి. పదవ శతాబ్దములో కాన్‌స్టంటైన్ పొర్ఫిరోజెనిటస్ అను చక్రవర్తి తన గ్రంథములో ఈ మానీ కోటవారి గూర్చి వ్రాశాడు. వారు పూర్వపు గ్రీకులవలె విగ్రహములను పూజించేవారనియు, బాసిల్ చక్రవర్తి కాలములో బాప్తిస్మము పొందారనియు, అది నీళ్ళు లేని, చేరుటకు కష్టమైన చోటనియు, ఒలీవలు మాత్రము కాస్తాయనియు అందులో ఉన్నది. బాసిల్ ఏలినది 867 నుండి 886 వరకు. అనగా ఎనిమిది వందల సంవత్సరములు! పదవ శతాబ్దములో నికోన్ అను సన్యాసి లకోనియ ప్రాంతములో తిరిగి బోధించాడు. మారుమనస్సు పొందమని చెప్పు గ్రీకు మాటనే ఎల్లప్పుడు పలుకుట చేత ఆ మాటే ఆయనకు ఇంటిపేరువలె అంటుకొన్నది. ఆ తరువాత మానీలో ఎన్ని చిన్న గుడులు లేచినవో! కొండ వాలున, ఒలీవ తోటలలో, సముద్రపు ఒడ్డున, లోపల రంగుల బొమ్మలతో, పదిమంది నిలువబడితే నిండిపోయేంత చిన్నవి.

బాప్తిస్మము వచ్చినది, గుడులు వచ్చినవి. బురుజులు కూడ వచ్చినవి.

మన పల్లెలలో పాత బురుజులు మీరు చూచి ఉంటారు. చాలా ఊళ్ళలో అవి కూలి మట్టిదిబ్బలుగా మిగిలినవి. దోపిడిదండు వస్తే ఊరివారికి కాపుగా ఉండుటకు కట్టిన బురుజులవి. మానీ బురుజు అటువంటిది కాదు. అది ఒక్క వంశముది. దాని తుపాకి రంధ్రములు పొరుగింటివైపు చూస్తాయి. పొరుగువాని బురుజుకంటె ఎత్తుగా కట్టినవాడు వాని కప్పు మీదికి కాల్పులు జరపగలడు, బండలు దొర్లించగలడు. అందుచేత ఇద్దరు పోటీపడి ఒక్కొక్క అంతస్తు పెంచుతూ పోయారు. వాథియా అను ఊరిని ఫోటోలో చూస్తే, ఒక కొండ మీద రాతి బురుజులు ఒకదానినొకటి ఆనుకొని గుంపుగా నిలిచి ఉంటాయి. ఇప్పుడు యాత్రికులు ముచ్చటపడి ఫోటోలు తీసుకొంటారు. 1805లో అక్కడ తిరిగిన విలియం మార్టిన్ లీక్ అను ఆంగ్లేయుడు ఆ ఊరి గూర్చి వ్రాసినది వేరు. నలుబది సంవత్సరములుగా ఊరు రెండుగా చీలి, సుమారు వంద మంది చచ్చారట. ఒకే ఊరు, ప్రియులారా. బావి దగ్గర, గుడి దగ్గర ఒకరినొకరు చూచుకొనేంత చిన్న ఊరు.

మగపిల్లలను అక్కడ తుపాకులని పిలిచేవారు. ఒక వంశమునకు ఎన్ని తుపాకులున్నవో అంత గౌరవము. చంపినవాడే దొరకనక్కరలేదు, వాని వంశములో ఎవడైనను చాలు. ముఠా కక్షల మధ్య పెరిగిన పాఠకులు మనలో ఉన్నారు. వారికి ఈ లెక్క నేను వివరించనక్కరలేదు.

స్త్రీలను చంపేవారు కారు. కాని పగను కాపాడినవారు స్త్రీలే అంటే ఆశ్చర్యము కాదు. మన పల్లెలలో చావింట ఆడవారు రాగము తీసి ఏడ్చుట మీరెరుగుదురు. మానీలో ఆ ఏడ్పు పాటలు ప్రసిద్ధమైనవి. ఎనిమిదేసి అక్షరముల పంక్తులలో అప్పటికప్పుడు కట్టి పాడేవారు. చచ్చినవాని మంచితనముతో మొదలైన పాట చంపినవాని పేరుతో ముగిసేది. తొట్టిలోని పిల్లవాడు ఆ పాట వింటూ పెరుగుతాడు. బైబిలులో మొట్టమొదటి పగ పాట ఆదికాండము 4వ అధ్యాయములో ఉన్నది. లెమెకు తన భార్యలను పిలిచి, తనకు జరిగిన దానికి డెబ్బది యేడంతలు బదులు తీర్చుకొందునని అతిశయించాడు. పేతురు క్షమాపణకు లెక్క అడిగినప్పుడు మన ప్రభువు చెప్పిన జవాబులో ఆ డెబ్బదీ ఆ యేడూ మరల వినబడతాయి. పగవాడు ఎంత దూరము లెక్కపెట్టాడో, క్షమించువాడు అంత దూరము నడవాలి.

ఇక్కడ మన సహోదరుడు గమనించవలసినది ఒకటున్నది. ఈ పగకు విరామము ఉండేది. త్రెవా అని దానికి పేరు. కోతల కాలములో ఆపేవారు, గొప్ప పండుగలకు గుడికి వెళ్ళునప్పుడు ఆపేవారు, తురుష్కులు వస్తే ఆపేవారు. కాబట్టి ఆపుట చేతకాక కాదు. ఒలీవ కాయలు రాలిపోకుండ ఆపగలిగారు. పండుగనాడు ఒకే పైకప్పు క్రింద, పగవాని ప్రక్కన, ఆరాధనలో నిలువబడగలిగారు. పండుగ అయిపోగానే ఎవరి బురుజు వారెక్కారు. ఈ మాట వ్రాయుచున్నప్పుడు ప్రతి నెల మన మందిరములలో జరుగు ప్రభువు బల్ల ఆరాధన నా కన్నుల ముందున్నది.

ఈ పగ ఎంత దూరము పోయినదంటే, క్రొత్త గ్రీసు దేశమునకు మొదటి పాలకుడైన కపొదీస్త్రియాస్, మానీ పెద్దయైన పెత్రోబే మవ్రోమిఖాలిస్‌ను చెరలో వేయించగా, పెత్రోబే తమ్ముడు, కుమారుడు కలిసి 1831 అక్టోబరు 9న నాఫ్ప్లియో పట్టణములో ఆ పాలకుని చంపారు. ఎక్కడ చంపారో తెలుసా? ఆదివారము ఉదయము, ఆరాధనకు వచ్చుచుండగా, గుడి వాకిట. ఆ గోడలో తుపాకిగుండు గుర్తు ఇప్పటికి చూపిస్తారు. స్వాతంత్ర్యము కొరకు కలిసి పోరాడినవారే వీరు. 1870లో కూడ కిట్టా అను ఊరిలో ఒక కక్షను అణచుటకు ప్రభుత్వము సైన్యమును పంపవలసి వచ్చినది.

మన ప్రొటెస్టెంటు మిషనరీలు కూడ అక్కడికి వెళ్ళారు. 1830ల చివర శామ్యూల్ హౌస్టన్, జార్జ్ లేబర్న్ అను అమెరికావారు అరెయోపొలిలో బడి నడిపారు. బడులలో దేశ సంఘపు ప్రశ్నోత్తరిని నేర్పవలెనని ప్రభుత్వము పట్టుబట్టగా కొద్ది సంవత్సరములకే ఆ పని మూతపడినది. వారి పని ఏమి ఫలించినదో ప్రభువునకే తెలియును.

ఇప్పుడు వ్రేలి కొనకు, తైనరాన్‌కు వెళ్దాము. పూర్వము అక్కడ సముద్ర దేవతగా ఎంచబడిన పొసైడన్ గుడి ఉండేది. పాతాళమునకు ద్వారము కూడ అక్కడనే ఉన్నదని గ్రీకులు నమ్మేవారు. ఆ గుడికి ఒక ప్రత్యేకత ఉన్నది: అది ఆశ్రయస్థలము. తరుమబడువాడు అక్కడికి చేరితే వానిని ముట్టరాదు. స్పార్టాలో హెలోతులను దాస్య ప్రజలుండేవారు. వారిలో కొందరు పారిపోయి ఆ గుడిలో శరణు చొచ్చారు. స్పార్టావారు వారిని అక్కడినుండి లేపి, తీసికొనిపోయి, చంపారు. క్రీ.పూ. 464 ప్రాంతములో గొప్ప భూకంపము స్పార్టాను కూల్చినప్పుడు, ఆ పాపమే దీనికి కారణమని స్పార్టావారే అనుకొన్నారని థుసిడిడీస్ అను చరిత్రకారుడు వ్రాశాడు.

ఆయనే ఇంకొక కథ చెప్తాడు. స్పార్టా సేనాధిపతియైన పౌసనియస్ పారసీకులతో రహస్యముగా ఉత్తరములు నడిపాడు. ఒక ఉత్తరమును మోసికొని పోవలసిన సేవకునికి అనుమానము వచ్చినది. తనకు ముందు వెళ్ళినవారెవరు తిరిగి రాలేదు. విప్పి చూస్తే, దీనిని తెచ్చినవానిని చంపుమని అందులోనే ఉన్నది. అతడు ఆ ఉత్తరమును అధికారులకు చూపి, తైనరాన్‌కు పోయి శరణార్థిగా ఒక గుడిసె వేసుకొన్నాడు. ఆ గుడిసెకు లోపల అడ్డుగోడ. అడ్డుగోడ వెనుక అధికారులు దాగి ఉండి, పౌసనియస్ వచ్చి మాటలాడినదంతా విన్నారు. ఆ తరువాత పౌసనియస్సే స్పార్టాలోని వేరొక గుడిలో శరణు చొచ్చితే, వాకిలి మూసి గోడ కట్టి ఆకలితో మాడ్చారు. ఆశ్రయమని పేరు ఉన్నదే గాని, బలవంతుడు తలచుకొంటే అది వల అయ్యేది, లేక సమాధి అయ్యేది.

సంఖ్యాకాండము 35వ అధ్యాయమును, యెహోషువ 20వ అధ్యాయమును ప్రక్కన పెట్టి చూడండి. ఆరు ఆశ్రయపురములు, యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు. దేశపు చివర, పాతాళపు వాకిట కాదు, పరుగెత్తువానికి అందుబాటులో. అక్కడికి దారి ఏర్పరచవలెనని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము చెప్తుంది. ఇశ్రాయేలీయునికే కాదు, వారి మధ్యనున్న పరదేశికి కూడ. అయితే అది నేరమును దాచు గుడిసె కాదు. పరుగెత్తి వచ్చినవాడు సమాజము ఎదుట నిలువవలెను. పొరబాటున చంపినవాడైతే ప్రధానయాజకుడు మరణించు వరకు అక్కడ ఉండవలెను, ఆ తరువాత ఇంటికి వెళ్ళవచ్చును. బుద్ధిపూర్వకముగా చంపినవానికి ఆశ్రయము లేదు. న్యాయమునకు న్యాయము, ఆశ్రయమునకు ఆశ్రయము. నేను సెమినరీలో చదువుకొన్న దినములలో ఈ అధ్యాయములను పాత చట్టములుగా త్వరత్వరగా దాటిపోయాను. ఇప్పుడు ఉత్తరములు చదువుచున్నప్పుడు అవి అంత పాతవిగా కనబడుట లేదు.

మానీలో పగ ఎట్లు ముగిసేదో చెప్పి ముగిస్తాను. ఎక్కువగా ఒక వంశము నశించిపోయేది, లేక ఊరు విడిచి పోయేది. 1670లలో ఒయితిలో అను ఊరిలో పగతో ఉన్న రెండు వంశములు సముద్రము దాటి, ఒకటి ఇటలీకి, ఒకటి కోర్సికా ద్వీపమునకు పోయినవి. కాని మూడవ మార్గము ఒకటున్నది. ఓడినవారు తమ బురుజు దిగి వస్తారు. ఆయుధములు లేకుండ, తలపాగా లేకుండ, పేదబట్టలతో. తాము చంపినవాని తలిదండ్రుల చేతులు ముద్దుపెట్టుకొని క్షమించుమని వేడుకొంటారు. దానిని ఆత్మ సంబంధమైన కార్యమని అర్థమిచ్చు పేరుతో పిలిచేవారు. క్షమాపణ దొరికితే పగ నిజముగా ముగిసేది.

అక్కడ దిగి వచ్చినవాడు ఓడినవాడు. వేరే దారి లేక దిగి వచ్చాడు. సువార్తలో దిగి వచ్చినది ఎవరు? రోమా 5:10 చదవండి. శత్రువులము మనము. అన్యాయము జరిగినది ఆయనకు. బలము కూడ ఆయనదే. అయినను ముందు దిగినవాడు ఆయనే, మధ్యగోడను పడగొట్టినవాడు ఆయనే (ఎఫెసీ 2:14). తప్పు ఆయనది కదా, నేనే ముందు ఎందుకు వెళ్ళాలి అను ప్రశ్నను పరలోకములో ఎవరైనను అడిగి ఉంటే మన గతి ఏమి?

ఒక మాట తప్పక చెప్పాలి. అవతలివాడు కత్తి పట్టుకొని ఉన్నాడని ఎరిగిన సహోదరిని, సహోదరుని నేను ఒంటరిగా వెళ్ళమనుట లేదు. అటువంటివారు పెద్దలతో, అవసరమైతే పోలీసులతో వెళ్ళాలి. ఆశ్రయపురము దేవుడే పెట్టాడు కదా. అలాగే, వెళ్ళుట అంటే గట్టు సంగతి విడిచిపెట్టుట కాదు. సర్వేయరును పిలిపించి కొలిపించుకొనవచ్చును. పదకొండు సంవత్సరములలో ఆ పని ఎవరు చేయలేదని మీ ఉత్తరము చదివితే నాకు అర్థమైనది.

ఉత్తరము వ్రాసిన సహోదరుడా, రేడియోలో మాటలాడిన తరువాత మీ ఉత్తరము మరల చదివాను. మొదటిసారి నేను గమనించని ఒక మాట అందులో ఉన్నది. అన్నగారు శుభలేఖను తానే తేకుండ పాలు పోయు అబ్బాయి చేతికిచ్చి పంపారని మీరు కోపముతో వ్రాశారు. కోపము నాకు అర్థమైనది. కాని ఆయన పంపారు కదా! పదకొండు సంవత్సరముల తరువాత ఆ బురుజులోనుండి ఒక కాగితము దిగినది. ఈ పత్రిక మీ చేతికి వచ్చునప్పటికి పెండ్లికి ఇంక కొద్ది దినములే ఉండును. ఆ గోడకు గుమ్మము లేదని వ్రాశారు. వీధిలోనుండి చుట్టు తిరిగి అన్నగారి వాకిలికి ఎన్ని అడుగులో నడచి చూచి, నాకు వ్రాయండి.